ఇంటిపై సౌర విద్యుత్తు, బ్యాటరీ, స్మార్ట్ నియంత్రణ

ఇంటి పైకప్పు మీద ప్యానెళ్లు పరిచి కరెంటు తయారుచేసుకుని, కావలసినంత వాడుకుని, మిగిలినదాన్ని గ్రిడ్‌కు పంపడమో బ్యాటరీలో దాచుకోవడమో చేసే ఏర్పాటును గృహ సౌర విద్యుత్ వ్యవస్థ అంటారు. ఏ పరికరం ఎప్పుడు నడవాలో, బ్యాటరీ ఎప్పుడు నిండాలో, ఎప్పుడు ఖాళీ కావాలో తనంతట తాను చూసుకునే స్మార్ట్ నియంత్రణ దీనికి ఈమధ్య తోడైంది. ప్యానెల్, బ్యాటరీ, నియంత్రణ అనే ఈ మూడింటినీ అమ్మకందారులు ఒకే మూటగా కట్టి చూపిస్తారు. నిజానికి మూడూ మూడు వేర్వేరు అవసరాలకు వచ్చినవి. ఒక ఇంటికి వీటిలో ఏవి కావాలో తేల్చేది ఎండ తీవ్రతో, సాంకేతికత కొత్తదనమో కాదు. మధ్యాహ్నం ఇంటి వాడకం పోను మిగిలి, మీటరు దాటి వీధి తీగల్లోకి వెళ్లిపోయిన యూనిట్టుకు పంపిణీ సంస్థ ఎంత విలువ కడుతున్నదన్నదే అసలు లెక్క. ఆ యూనిట్టుకు పూర్తి విలువ దక్కినన్నాళ్లూ బ్యాటరీ డబ్బు మిగిల్చే వస్తువు కాదు, కరెంటు పోయినప్పుడు ఆదుకునే వస్తువు మాత్రమే. విలువ తగ్గిన చోట మొదట నియంత్రణకు, ఆ తరవాత బ్యాటరీకి గిరాకీ పుడుతుంది.

ముందు ప్యానెల్ సంగతి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో 1954లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చూపించిన సిలికాన్ సౌర ఘటం తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పుడు బజారులో దొరికే మామూలు ప్యానెళ్లే 20 శాతం దాటాయి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి రెండున్నర చదరపు మీటర్లకు కాస్త పైన స్థలం తీసుకుంటుంది, బరువు 27, 28 కిలోలు ఉంటుంది. అలాంటివి ఆరు పెడితే 3 కిలోవాట్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల చొప్పున ఇస్తాయనుకోవచ్చు. ఎండ మండిపోయే ఏప్రిల్, మే నెలల్లో ఉత్పత్తి కూడా ఆకాశాన్నంటుతుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి దానికి పడదు. 25 డిగ్రీల పైన పెరిగే ప్రతి డిగ్రీకీ దాని శక్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల డాబా మీద ప్యానెల్ లోపలి వేడి 65 డిగ్రీలకు చేరితే, పలక మీద రాసి ఉన్న సామర్థ్యంలో ఎనిమిదో వంతుకు పైగా అక్కడే కరిగిపోతుంది. అందుకే ప్యానెళ్లను పైకప్పుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తు మీద, దక్షిణానికి ముఖం చేసి, అక్షాంశానికి దగ్గరగా 13 నుంచి 18 డిగ్రీల వాలులో బిగిస్తారు. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బూడిద, రోడ్డు పక్క ఇళ్ల మీద దుమ్ము, తెలంగాణ పల్లెల్లో కోతులు తీగలు పీకడం వంటివి కరపత్రాల్లో కనిపించవు గానీ, ఉత్పత్తి లెక్కలో మాత్రం తప్పకుండా కనిపిస్తాయి.

ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. ఇందులో ఆన్-గ్రిడ్, ఆఫ్-గ్రిడ్, హైబ్రిడ్ అని మూడు తరహాలున్నాయి. ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్‌తో లయ కలిపి నడుస్తుంది, గ్రిడ్ ఆగితే తానూ ఆగుతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి ఇళ్ల నుంచి వెనక్కి వచ్చే కరెంటు తగలకుండా కావాలని పెట్టిన రక్షణ ఇది. దీని ఫలితం కొన్నవాళ్లలో చాలామందికి బిగించిన తరవాతే తెలుస్తుంది: నెత్తిన పగటి ఎండ, డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉన్నా, వీధిలో కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను తిరగదు. హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసి, బ్యాటరీ సాయంతో లోపలి లైన్లను నడుపుతుంది. ఆఫ్-గ్రిడ్‌కు గ్రిడ్ సంబంధమే ఉండదు. తీగ చేరని పొలం గట్టు మీది గదికో, అడవి అంచు గూడేనికో అది సబబైన ఏర్పాటు.

ఇక డబ్బు లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000 ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకూ ఆ పైన ఎంతకైనా రూ.78,000. ఈ మొత్తం ప్యానెళ్ల సామర్థ్యం ప్రకారం వచ్చేదే, బ్యాటరీకి వేరే వాటా లేదు. రాయితీ కావాలంటే ప్యానెల్, దానిలోని ఘటం రెండూ దేశంలో తయారై ఉండాలి. పథకం లెక్కకు తీసుకున్న ప్రామాణిక ధర 3 కిలోవాట్లకు రూ.1,45,000. అసలు బజారులో ఇంతకంటే ఎక్కువే పడుతుంది. రాబడి వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022లో ఖరారు చేసిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. స్థిర, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెడితే, నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి దాదాపు రూ.2,550 అవుతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు 360 యూనిట్లు ఇస్తే మిగిలేవి 40, వాటి ధర రూ.87. నెలకు రూ.2,460 చొప్పున ఆదా అయితే, ప్రామాణిక ధరలో రాయితీ పోను మిగిలిన రూ.67,000 రెండేళ్ల మూడు నెలల్లో చేతికి తిరిగొస్తుంది. బజారు ధరకు రూ.40,000 ఎక్కువ పెట్టినా నాలుగేళ్లు పట్టదు. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి మొత్తం బిల్లే రూ.305. ఆ బిల్లంతా మాయమైనా అదే ఖర్చు రాబట్టుకోవడానికి 18 ఏళ్లు కావాలి. ప్యానెల్ ముందుగా ఖరీదైన శ్లాబులను కోసేస్తుంది కనుక పెద్ద వాడకందారుకే దీని మేలు ఎక్కువ. తెలంగాణలో 2024లో అమల్లోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా పొందుతున్న కుటుంబానికైతే సొంత డబ్బుతో ప్యానెళ్లు పెట్టుకోవడానికి బిల్లు పరంగా కారణమే లేదు. ఒక చేత్తో ఉచిత కరెంటు, ఇంకో చేత్తో సౌర రాయితీ ఇస్తే రెండోది సంపన్నుల మేడల మీదికే చేరుతుందన్న విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం.

పై లెక్క అంతా నెట్ మీటరింగ్ మీద నిలబడి ఉంది. పగలు బయటికి పంపిన యూనిట్టును రాత్రి తెచ్చుకున్న యూనిట్టులోంచి యథాతథంగా తీసివేసే పద్ధతి అది. దీని వల్ల గ్రిడ్ ఆ ఇంటికి పైసా నష్టం లేని బ్యాటరీ అవుతుంది. దాచినది దాచినట్టు తిరిగొస్తుంది, అరుగుదల లేదు, వేడెక్కడం లేదు, పదేళ్లకోసారి మార్చే పని లేదు. నిర్ణీత గడువు ముగిశాక కూడా మిగిలి ఉన్న యూనిట్లకు మాత్రం పంపిణీ సంస్థ తక్కువ ధరే చెల్లిస్తుంది. కాబట్టి వాడకానికి మించి ప్యానెళ్లు పరచడం దండగ.

ఈ ఏర్పాటు సడలిన చోట్ల ఏం జరిగిందో చూస్తే వాదం తేటపడుతుంది. జర్మనీ 2000లో తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం గ్రిడ్‌కు పంపిన సౌర యూనిట్టుకు ఇరవై ఏళ్ల పాటు ఖాయమైన ధర ఇచ్చింది. మొదట్లో ఆ ధర ఇంటివాళ్లు కొనే ధర కంటే ఎంతో ఎక్కువ, అందుకని ఎవరూ బ్యాటరీ ఊసెత్తలేదు. 2012 ప్రాంతానికి ఆ ధర కొనుగోలు ధర కంటే కిందికి దిగింది. 2013లో అక్కడి ప్రభుత్వ బ్యాంకు ఇంటి బ్యాటరీలకు సాయం మొదలుపెట్టింది, గిరాకీ ఏటా పెరుగుతూ వచ్చింది. హవాయి దీవులు 2015 అక్టోబరులో కొత్తవారికి నెట్ మీటరింగ్ ఆపేశాయి. కొన్నేళ్లలోనే అక్కడి కొత్త ఇంటి వ్యవస్థల్లో అత్యధికం బ్యాటరీతో కలిపి వచ్చాయి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి కొత్త దరఖాస్తుదారులకు ఎగుమతి విలువ నాలుగింట మూడొంతులు తగ్గింది. అంతకు ముందు బ్యాటరీ తీసుకునేవారు కొద్దిమందే, ఆ తరవాత కొత్తగా పెట్టుకున్నవారిలో సగానికి పైగా తీసుకున్నారు. నలభై లక్షలకు పైగా పైకప్పుల మీద ప్యానెళ్లున్న ఆస్ట్రేలియాలో మధ్యాహ్నపు కరెంటు పొంగిపొర్లి, విక్టోరియా రాష్ట్రంలో ఎగుమతికి కనీస ధర దాదాపు సున్నాకు చేరింది. అక్కడి కేంద్ర ప్రభుత్వమే 2025 జులై నుంచి ఇంటి బ్యాటరీ ధరలో సుమారు 30 శాతం భరిస్తోంది. ఈ నాలుగు చోట్లా ఎండ మారలేదు, ఇళ్లు మారలేదు. మారింది ఎగుమతి యూనిట్టు విలువ.

మన బ్యాటరీకి వద్దాం. ఇక్కడి మధ్యతరగతి ఇళ్లలో ఏళ్లుగా ఉన్నది 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ లెడ్-యాసిడ్ బ్యాటరీ. లెక్కకు 1.8 యూనిట్లు పడుతుంది, సగానికి మించి తోడితే ఆయుష్షు తగ్గుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. దాని స్థానాన్ని ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఆక్రమిస్తోంది. ఆ పదార్థాన్ని 1990లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో వెలుగులోకి తెచ్చిన బృందానికి పెద్ద అయిన జాన్ గుడినఫ్, లిథియం బ్యాటరీల కృషికి 2019లో రసాయన నోబెల్ పంచుకున్నాడు. ఫోన్లలో వాడే కోబాల్ట్ రకాల కంటే ఇది బరువు, కానీ నిప్పు అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. ఇంటి గోడకు వేలాడే వస్తువుకు బరువు లోపమే కాదు. 5 యూనిట్ల బ్యాటరీలో తొంభై శాతం, అంటే 4.5 యూనిట్లు, రోజూ వాడుకోవచ్చు. దాని ఖరీదు లక్ష రూపాయలనీ, పదేళ్లు ప్రతిరోజూ ఒక్కసారి నింపి ఖాళీ చేస్తామనీ అనుకుందాం. మొత్తం 16,400 యూనిట్లు దాని గుండా పోతాయి. అంటే ఒక్కో యూనిట్టును మధ్యాహ్నం నుంచి రాత్రికి మోయడానికి కూలీ రూ.6. ఇందులో కరెంటు ధర లేదు, నింపి తీయడంలో పోయే పది శాతం నష్టమూ లేదు.

ఈ రూ.6ను మూడు రకాల నిబంధనల పక్కన పెట్టి చూడాలి. నెట్ మీటరింగ్‌లో గ్రిడ్ అదే మోత ఉచితంగా మోస్తుంది కాబట్టి బ్యాటరీ మిగిల్చేది శూన్యం. రెండోది, వేళను బట్టి ధర. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, గిరాకీ గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్లకు ఇది వర్తించాలన్నది ఆలోచన. రూ.6 యూనిట్టు పగలు రూ.4.80, సాయంత్రం రూ.6.60 అయిందనుకుంటే తేడా రూ.1.80. దీనికోసం రూ.6 కూలీ ఇచ్చి బ్యాటరీని పనిలో పెట్టుకోవడం తెలివి కాదు. గీజరును సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరపడానికి మాత్రం దాదాపు ఖర్చే లేదు. మూడోది నెట్ బిల్లింగ్. ఎగుమతి యూనిట్టుకు రూ.2.50 ఇచ్చి, కొనే యూనిట్టుకు రూ.8.75 తీసుకుంటే, నష్టం పోను బ్యాటరీ ఒక్కో యూనిట్టుకు రూ.6 మిగుల్చుతుంది. ఖర్చుకూ రాబడికీ అక్కడే చెల్లు. బ్యాటరీ ధర ఇంకొంచెం దిగినా, ఎగుమతి విలువ ఇంకొంచెం తగ్గినా త్రాసు అటు మొగ్గుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం కరెంటు కోత గురించి వస్తుంది, రావలసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖపట్నంలో చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం పల్లెలను, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో చాలా భాగాన్ని అదే స్థితికి తెచ్చాయి. మందులు ఫ్రిజ్‌లో ఉంచాల్సినవాళ్లకూ, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దవాళ్లకూ యూనిట్టుకు రూ.6 అన్నది ఖర్చే కాదు. ఈ మాట ఒప్పుకుంటూనే, ఆ అవసరానికి ఎంత బ్యాటరీ కావాలో కొలవాలి. తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగింటికి 120 వాట్లు, మూడు దీపాలకు 30, ఫ్రిజ్‌కు సగటున 60, రౌటరుకు 10 వేస్తే మొత్తం 220 వాట్లు. పది గంటల రాత్రికి 2.2 యూనిట్లు సరిపోతాయి. 5 యూనిట్ల బ్యాటరీ దాదాపు రెండు రాత్రులు లాగుతుంది, మబ్బు పట్టిన పగళ్లలో కూడా ప్యానెళ్లు దానికి కొంత జమ చేస్తాయి. అదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ కూడా దీని మీదే వేస్తే నాలుగు గంటలకు మించి నిలవదు. కోత కోసం కొనేవారు ముఖ్యమైన లైన్లను వేరే పెట్టెలోకి విడదీసి చిన్న బ్యాటరీ కొనాలి. ఇల్లంతా నడవాలని పెద్దది కొంటే ఏడాదికి పది పదిహేను రోజుల కోసం మూడింతలు ఖర్చుపెట్టినట్టే. నగరంలో నెలకు గంటో రెండు గంటలో కోత ఉండే అపార్టుమెంటుకు ఇప్పటికే ఉన్న పాత ఇన్వర్టర్ చాలు.

రెండో అభ్యంతరం కాస్త పెద్దమనసుతో చేసేది. సాయంత్రం ఏడు గంటలకు అందరి ఇళ్లలో దీపాలు, ఏసీలు ఒకేసారి నడిచినప్పుడు బొగ్గు కేంద్రాల మీద పడే భారాన్ని ఇంటి బ్యాటరీలు తగ్గిస్తాయి కదా అని. తగ్గిస్తాయి, నిజమే. కానీ ఆ లాభం పంపిణీ సంస్థది, ఖర్చు ఇంటివాళ్లది. దాచే పనిని పెద్ద ఎత్తున చేసే ఏర్పాట్లు తెలుగు నేల మీద ముందునుంచీ ఉన్నాయి. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలు నీటిని వెనక్కి తోడి మళ్లీ కరెంటు తీయగలవు. నాగార్జున సాగర్‌లోనూ అటువంటివి ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు సామర్థ్యం 1,680 మెగావాట్లు. నీటిని తోడి దించడంలో నాలుగో వంతు దాకా శక్తి పోయినా, దశాబ్దాల ఆయుష్షున్న జలాశయం ముందు గోడకు తగిలించిన పెట్టె యూనిట్టు లెక్కన ఖరీదైనదే. ఇంటి బ్యాటరీ గ్రిడ్‌కు సేవ చేయాలని ప్రభుత్వం కోరుకుంటే ఆస్ట్రేలియాలో లాగా దానికి డబ్బు ఇచ్చి అడగాలి, ఇంటివాళ్ల పుణ్యబుద్ధి మీద వదిలేయకూడదు.

ప్యానెల్, బ్యాటరీ, నియంత్రణ మూడింటిలో స్మార్ట్ నియంత్రణ అతి చవకైనది, అతి తక్కువగా అర్థమైనది కూడా. ఫోన్‌లో దీపం ఆర్పడాన్ని దీని కింద చెప్పుకోవడం వృథా, 9 వాట్ల దీపంతో ఏ లెక్కా మారదు. పట్టించుకోవలసినవి మూడే: 1 హెచ్‌పీ బోరు మోటారు, 2 కిలోవాట్ల గీజరు, ఏసీ. విద్యుత్ వాహనం ఉంటే అది నాలుగోది. ఓవర్‌హెడ్ ట్యాంకును మధ్యాహ్నం నింపితే సాయంత్రపు నీళ్లు దాచిన ఎండే. గీజరులో వేడెక్కిన నీళ్లూ అంతే, రాత్రి స్నానాల దాకా వేడి నిలుపుకుంటాయి. మెయిన్ తీగకు కరెంటు కొలిచే చిన్న క్లాంప్ తగిలిస్తే గ్రిడ్‌కు ఎంత పోతున్నదో తెలుస్తుంది. ఎగుమతి 2 కిలోవాట్లు దాటి అయిదు నిమిషాలు నిలిస్తే గీజరు, 1 దాటితే మోటారు, మబ్బు కమ్మితే రెండూ ఆపు అన్నంత సూత్రం చాలు. మోటారుకు స్మార్ట్ ప్లగ్ పనికిరాదు. మొదలయ్యే క్షణంలో అది లాగే కరెంటుకు ప్లగ్ కాలిపోతుంది, కాంటాక్టర్, నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రక్షణ రెండూ పెట్టాలి. చాలా ఇన్వర్టర్లకు ఆర్ఎస్-485 పోర్టు ద్వారా మాడ్‌బస్ భాషలో లెక్కలు అందించే వీలుంది. 2013 నుంచి వస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్ ఆ లెక్కలను ఇంట్లోని చిన్న కంప్యూటరులోనే చదివి నిర్ణయం తీసుకుంటుంది. కంపెనీ యాప్ అయితే సంకేతం ఏ దేశంలోని సర్వరుకో వెళ్లి రావాలి. తుపాను నాడు ముందు తెగేది ఇంటర్నెట్టే కాబట్టి, నియంత్రణ ఇంట్లోనే ఉండడం సోకు కాదు, అవసరం. బ్యాటరీ ఉన్నవాళ్లకు దీనివల్ల కలిగే అసలు మేలు కూడా అక్కడే: మామూలు రోజుల్లో ముప్పై శాతం మిగిల్చి మిగతాది వాడుకునేలా, వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే నూటికి నూరు నింపి కదలకుండా ఉంచేలా ఆజ్ఞ పెట్టవచ్చు. నెట్ మీటరింగ్ ఉన్నంత కాలం గీజరును మధ్యాహ్నానికి జరిపినందువల్ల బిల్లులో తేడా రాదని కూడా చెప్పాలి. వేళను బట్టి ధర వచ్చిన రోజున దాని పంట పండుతుంది.

అయితే నిబంధనలు మారతాయి కదా, ఇప్పుడే బ్యాటరీ కొనేస్తే పోదా అన్నది చివరి ప్రశ్న. మారే అవకాశం ఉంది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చును ప్యానెళ్లు లేని ఇళ్ల మీదికే తోసే పద్ధతిని ఏ నియంత్రణ మండలీ ఎల్లకాలం మోయదు. కానీ బ్యాటరీ కొన్న రోజు నుంచే ముసలిదవుతుంది. పని లేని బ్యాటరీ కూడా 42 డిగ్రీల వేసవిలో తన ఆయుష్షు తాను తింటుంది, ఈలోపు బజారులో దాని ధర పడిపోతుంది. ముందుచూపు కావాలంటే స్థలం, తీగ వదలడం చాలు: బ్యాటరీకి ఎండ, రేకుల వేడి తగలని, వంటింటికీ మెట్లదారికీ దూరంగా ఉన్న గోడ, అక్కడి దాకా ఖాళీ పైపు, ముఖ్యమైన లైన్లకు వేరే పెట్టె. కోతలు తరచుగా ఉండే ఊళ్లలో మొదటే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి. లేనిచోట ఆన్-గ్రిడ్ చాలు. దాని ఆయుష్షు పదేళ్ల చిల్లర, అది పోయే నాటికి ఏది కొనాలో ధరలే చెబుతాయి, కాదంటే ఇంటి ఏసీ కరెంటు లైన్ వైపు కలిపే బ్యాటరీని మధ్యలోనే చేర్చవచ్చు. డబ్బు మిగిలితే దాన్ని మెరుపు రక్షణకూ, డీసీకి, ఏసీకి, మెరుపు కడ్డీకి వేర్వేరుగా తవ్విన మూడు ఎర్తింగ్ గుంతలకూ, తుపాను గాలికి నిలిచే ఫ్రేముకూ పెట్టాలి. ప్యానెల్‌కు కంపెనీ ఇచ్చే పాతికేళ్ల హామీ ఉత్పత్తి తగ్గుదలకే గానీ, కోస్తాలో గాలికి ఫ్రేముతో సహా లేచిపోయిన ప్యానెల్‌కు వర్తించదు.